తిరుపతికి పోని గుండు

క్యాన్సర్‌కు రెండోసారి మందు ఎక్కించాక నా జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకు రాసాగింది. మిగిలింది మా ఆయనే గొరిగించేశాడు. ఒక రొమ్ము తీసేసిన సంగతి పైట కింద దాచుకున్నాను. బోడితల ఎక్కడ దాచను? సిగ్గుతో పెరట్లోకి కూడా పోవడం మానేశాను.

క్యాన్సర్ అని తెలిస్తే అంటుకుంటుందని ఎవరూ గడప తొక్కరని మా అత్త భయం. అందుకని నారాయణఖేడ్‌లో మా గల్లీ అంతటికీ ఒకటే మాట చెప్పింది: "కోడలు తిరుపతి పోయి గుండిచ్చి వచ్చింది." బాగానే ఉంది, మరి లడ్డూ ఏది? తిరుపతి పోయొస్తే ఇంటింటికీ ప్రసాదం పంచాలి కదా! మా ఆయన బస్టాండు దగ్గరి మిఠాయి దుకాణంలో లడ్డూలు తెచ్చాడు. అత్త వాటిని చిదిపి, ఇంత పచ్చకర్పూరం కలిపి పొట్లాలు కట్టింది. గల్లీ జనం కళ్లకద్దుకుని తిన్నారు. నాకు నవ్వొచ్చింది, చచ్చిపోవాలనీ అనిపించింది.

హైదరాబాద్ దవాఖానలో ఒక మేడం ఉండేది. రోగులతో, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడి ధైర్యం చెప్పడమే ఆమె పని. "మనసులో ఏముందో చెప్పమ్మా" అని నన్నడిగితే, పక్కనున్న అత్త "మా పిల్లకు ఏం రంది లేదు మేడం" అంది. మేడం నా వైపే చూసింది. నేను తల వంచుకుని "ఏం లేదు" అన్నాను. ఇంట్లో పెంకులు ఎగిరిపోయేంత నోరు నాది, అక్కడ పెగల్లేదు.

ఒక మధ్యాహ్నం గోడ అవతలి ఇంటి ఆమె వచ్చింది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది.

"అక్కా, దేవుడు నీ మొక్కు ఇన్నడా?"

"ఎందుకే?"

ఆమె గొంతు తగ్గించింది. "నాకు రొమ్ముల గడ్డ తాకుతున్నది. నొప్పి లేదు. మా ఆయనకు సుత చెప్పలే. నీ లెక్కనే గుండిస్తనని మొక్కుకున్న. పత్తి అమ్మినంక పోతం."

చేలో పత్తి అప్పటికి మోకాలెత్తు కూడా లేదు. వంటింటి గుమ్మంలోంచి అత్త, చెప్పకన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాను. నా సిగ్గు నన్ను తింటే తిననీ, ఇప్పుడు ఈ పిల్లను మింగబోతోంది.

పైట తీసి జాకెట్ హుక్కులు విప్పాను.

"ఇగో, గిది నా మొక్కు. తిరుపతీ లేదు, గిరుపతీ లేదు. నాకు క్యాన్సర్. గడ్డ చిన్నగున్నప్పుడు సిగ్గుపడి ఎవ్వలకు చూపియ్యలే. గందుకే మొత్తం కోసిండ్రు. నువ్వు రేపే నాతోని దవాఖానకు నడువు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కోపంగా అంది, "గింత పరేషాన్ల ఉండి, గోడ అవతల ఉన్న నాకు ఒక్క మాట చెప్పవా?"

నేను వద్దనేలోపే కుట్ల మీద అరచెయ్యి పెట్టింది. స్నానం చేసేటప్పుడు నేనే అటు చూసేదాన్ని కాదు. సిగ్గుతో ముడుచుకుపోయాను, కానీ చెయ్యి తియ్యమనలేదు.

"పొద్దుగాల బస్సు ఎన్నింటికి అక్కా?" అని అడిగింది.