గోడ లేని నీళ్ళు

ప్రాణం పోతే మాకు పూచీ లేదని అచ్చు వేసిన కాగితం మీద ఆ రోజు జెట్టీ దగ్గర అయిదుగురు సంతకాలు చేశారు. అయిదుగురిలో ఒక్కడు కూడా దాన్ని చదవలేదు. చదివింది సంతకం చెయ్యని నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంటకు ముందు భయం వేస్తుంది, ఆ తర్వాతే మంట.

నేను బడికి వెళ్ళింది నాలుగో తరగతి వరకే. తెలుగు పేపర్లు చదివి తెలుగు బాగుచేసుకున్నాను. ఇంగ్లీషు మాత్రం పురుగుమందు డబ్బాల మీద నేర్చుకున్నాను. పత్తికి పచ్చపురుగు విరగబడి పట్టిన ఏడు, మా పక్క చేను రైతు మందు కొడుతూ సాళ్ళ మధ్యే పడిపోయాడు. ట్రాక్టరులో వేసుకుని ఆసుపత్రికి పోయాం. డబ్బా చేలోనే మర్చిపోయాం. ఏం మందు కొట్టాడు అని డాక్టరు అడిగితే, ఎర్రమూత డబ్బా అనడం తప్ప పేరు చెప్పగలిగినవాడు మాలో లేడు. ఆయన బతకలేదు. ఆ ఏటి నుంచి ఇంటికి ఏ డబ్బా వచ్చినా, దాంట్లో మడిచిపెట్టిన కాగితం తీసి ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. అందుకని ఇంగ్లీషులో నాకు ముందుగా వచ్చిన మాటలు పాయిజన్, డేంజర్, డెత్. ఇంగ్లీషు శుభలేఖ ఇస్తే తడుముకుంటాను గానీ, చావు గురించి రాస్తే ఇట్టే పట్టేస్తాను.

నా భార్య తమ్ముడికి దర్శిలో పురుగుమందుల కొట్టు ఉండేది. సరుకు బాగా అమ్మిన కొట్లవాళ్ళని కంపెనీలు విహారయాత్రలకు తీసుకుపోయేవి. సునామీ రావడానికి రెండేళ్ళ ముందు మావాడికి అండమాన్ వచ్చింది. ఇద్దరికి చోటుంది. అతని భార్యకు విమానమంటే భయం. నువ్వు రా బావా అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పురుగు చావలేదు, రైతు చచ్చాడు. మీరు మాత్రం షికార్లు తిరగండి," అన్నాను, కొట్లో నలుగురూ వింటుండగానే.

"నువ్వు రాకపోతే పురుగు చస్తుందా బావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను లేచి వచ్చేశాను. వెళ్ళేవాణ్ణే కాదు. నా భార్య వెళ్ళమంది. తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. వాడికి మీసాలొచ్చి, పిల్లలు పుట్టినా ఆమెకు ఇంకా చంకలో పిల్లాడే.

"నీళ్ళు కనపడితే వాడికి ఒళ్ళు తెలీదు. మీరు పక్కనుంటే నాకు కాస్త ధైర్యం. సముద్రంలో మాత్రం దిగనివ్వకండి," అంది బస్సు దగ్గర. వాణ్ణి ఎలా తీసుకెళ్ళానో అలా తెచ్చి ఆమె ముందు నిలబెట్టడం, ఆ ప్రయాణంలో నాకున్న పని అదొక్కటే.

ఆమె భయానికి కారణం ఉంది. వాళ్ళ ఊరి పొలాల్లో రాతికట్టు బావులు. అందులో ఈత నేర్చినవాళ్ళలో మావాడిని మించినవాడు లేడు. గట్టు మీదినుంచి తలకిందులుగా దూకి, అడుగుకంటా పోయి, గుప్పెట్లో బురద తెచ్చి చూపించేవాడు. ఒకసారి ఎంతకీ పైకి రాక, అక్క బావి చుట్టూ పరుగులు పెట్టి ఏడిస్తే, మెట్ల చాటున కూర్చుని నవ్వుతున్నాడట.

అండమాన్ వెళ్ళిన రెండో రోజు పొద్దున మాకోసమే ఒక పడవ మాట్లాడారు. మావాడూ, ఇంకో ముగ్గురు కొట్లవాళ్ళూ, కంపెనీ ఆఫీసరూ, నేనూ. పడవాయన శ్రీకాకుళం వైపునుంచి ఎప్పుడో వలస పోయిన మనిషి. బయల్దేరబోతూ ఆఫీసరు కాగితాలు పంచాడు.

"ఏం లేదండీ, ఫార్మాలిటీ. ఇక్కడొక సంతకం పెట్టండి చాలు."

నేను చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే డెత్ కనపడింది. దాని ముందున్న మాటలూ వెనకున్న మాటలూ కూడబలుక్కుని తల ఎత్తాను.

"మనం చస్తే వాళ్ళకు పూచీ లేదని రాశారు ఇందులో," అన్నాను.

"అంటే చస్తామని కాదు కదండీ పెద్దాయనా."

"మీ డబ్బాల్లో కూడా ఇలాగే రాసిపెడతారు. చదవనోడి ఖర్మ."

ఆఫీసరు మొహం మాడిపోయింది. మావాడు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఇక్కడ కూడానా బావా? పరువు తియ్యకు. ఇలా ఇవ్వు, నీ సంతకం నేను గీకేస్తా."

"నా చావుకు నువ్వు సంతకం పెడతావురా?"

కొట్లవాళ్ళు పడీపడీ నవ్వారు. "దర్శి బావగారు కాగితం చదివేసరికి సముద్రం ఆరిపోయేటట్టుందే," అన్నాడొకాయన. చివరకు, సంతకం లేనివాళ్ళు నీళ్ళలో దిగకూడదు, పడవలో కూర్చుని చూడొచ్చు అని తేల్చారు. నాకు కావలసిందీ అదే. మావాడిని కూడా ఆపబోయాను.

"ఒరే, మీ అక్క దిగొద్దంది."

"అక్క ఇక్కడ లేదుగా," అంటూ సంతకం పెట్టేశాడు.

పడవ కదిలింది. ఎండాకాలంలో మా నల్లరేగడి నెర్రెలు విచ్చినా, వానాకాలంలో మోకాలి దాకా పట్టేసినా, కాలి కింద నేల ఉందన్న సంగతి ఎప్పుడూ మనసులోకి రాదు. అక్కడ మాత్రం పడవ ఊగిన ప్రతిసారీ అది లేదని గుర్తొచ్చింది. వేలెడు మందం చెక్క, దాని కింద ఏమీ లేదు. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళు పాటలు పాడుతున్నారు.

ఒక చిన్న దీవికి ఎడంగా లంగరు వేశారు. పడవ వెనక ఒక పొడుగాటి తాడు వదిలి, దాని చివర గాలి ట్యూబు కట్టారు. అందరికీ నారింజరంగు తేలుడు కోట్లు, కళ్ళకూ ముక్కుకూ కలిపి బిగించే అద్దాలు, నోట్లో పెట్టుకునే గొట్టాలు ఇచ్చారు.

"నోటితోనే ఊపిరి తియ్యండి బాబూ, ముక్కు మూసేసి ఉంటాది," అన్నాడు పడవాయన. "తాడు ఒగ్గీకండి, పట్టుకునే ఉండండి. అదిగో, నీల్లు నల్లగా కనిపిస్తన్నాయి సూడండి, అటేపు అస్సలు ఎల్లకండి. లాగుడు ఉంటాది."

నాకు దిగే పని లేకపోయినా, తెలుగువాడినని జాలిపడి ఒక అద్దమూ గొట్టమూ నాకూ ఇచ్చాడు. పడవ పక్కన నీళ్ళలోకి దించిన ఇనప నిచ్చెన మెట్టు మీద కూర్చుని తల ముంచి చూడమన్నాడు. మందు కొట్టేవాళ్ళం మేం. ముక్కుకు తువ్వాలు బిగించి, పెదవులు అతుక్కుపోయేట్టు నోరు మూసుకోవడం ఒంటికి అలవాటైపోయింది. నోరు తెరిస్తే విషమే. ఇక్కడ నోరు తెరిస్తేనే బతుకట. మొదటిసారి తల ముంచగానే ఊపిరి బిగుసుకుపోయి, గింజుకుని పైకి వచ్చాను. మూడోసారికి గాలి ఆడింది.

చూశాను. అబద్ధం ఎందుకు, అంత అందం నేను నేల మీద చూడలేదు. విచ్చుకున్న క్యాలీఫ్లవర్ల లాంటి రాళ్ళు, వాటి సందుల్లో పసుపు కొట్టినట్టున్న చేపలు, ఊదారంగు గీతల చేపలు. రాయిని కొరుకుతూ పోతున్న ఒక పచ్చచేప, కంచె కొరికే మేకలాగే తల విదిలిస్తోంది. అవి నన్ను లెక్కచెయ్యలేదు. నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే వాటికి. అప్పుడు కొంచెం తల తిప్పాను. పడవకు అవతల ఆ రాళ్ళన్నీ ఒక్కచోట తెగిపోయాయి. తర్వాత అడుగు లేదు. నీలం, ఇంకా ముదురు నీలం, ఆ కింద నలుపు. తల పైకి లాగేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే మావాడు ఒంటిమీది కోటు విప్పి పడవలో పారేస్తున్నాడు.

"ఏరా, అదెందుకు తీశావు?"

"బెండ్లు కట్టుకుని ఈదే వయసా బావా నాది?" అన్నాడు. మా వైపు ఈత నేర్చే పిల్లలకు వీపున ఎండు బెండ్లు కడతారు. బెండ్లు విప్పేసిన రోజు వాడు మగాడైనట్టు. మళ్ళీ కట్టుకోమంటే ఎవడు కట్టుకుంటాడు?

"బాబూ, కోటు ఏసుకోండి, సెప్తన్నాను కదా!" అని పడవాయన అరుస్తూనే ఉన్నాడు. మావాడు అంచు మీదికెక్కి, బావి గట్టు మీదినుంచి దూకినట్టే దూకాడు. తేలాడు. మాకు చెయ్యి ఊపి, మొహం నీళ్ళలో పెట్టి, తాడు వదిలేసి ఈదుకుంటూ పోయాడు.

కొంతసేపు నిమ్మళంగానే ఉంది. మిగతా నలుగురూ పడవ వెనక తాడు పట్టుకుని, ఒకరినొకరు పిలుచుకుంటూ తేలుతున్నారు. నేను మావాడి గొట్టం ఒక్కటే చూస్తున్నాను. నీళ్ళ మీద నిలబడిన ఆ వేలెడు ఎర్ర ముక్కే నాకు వాడు. రెప్ప వేస్తే పోతుందేమోనన్నట్టు చూశాను. అది ముందు నిచ్చెనకు ఎదురుగా ఉంది. తర్వాత లంగరు తాడుకు అటువైపు. కాసేపటికి నీళ్ళ రంగు మారిన చోటికి పోయింది. వాడు చేతులు ఆడిస్తున్నట్టు కూడా లేదు, ఊరికే పోతున్నాడు.

పేరు పెట్టి అరిచాను. గొంతు చించుకుని అరిచాను. చెవులు నీళ్ళలో ఉన్నవాడికి ఏం వినిపిస్తుంది? పడవాయన చూసి నుదురు కొట్టుకున్నాడు.

"ఇంజిను వెయ్యవయ్యా!" అన్నాను.

"ఏస్తే ఈల్ల కాల్లు తెగిపోతాయి బాబూ! ముందు ఈల్లని ఎక్కించాల!"

ఆ నలుగురూ వెనకే, ఇంజిను రెక్కకు దగ్గర్లోనే ఉన్నారు. వాళ్ళకేమీ తెలియదు. ఒక్కొక్కళ్ళనీ తాడు లాగి, పిలిచి, అద్దాలు తీయించి, పైకి ఎక్కించాలి. ఆ లావుపాటి మనుషులు నిచ్చెన ఎక్కేలోగా ఆ ఎర్ర ముక్క కనపడకుండా పోతుంది. నా భార్య బస్సు దగ్గర నిలబడిన తీరు కళ్ళకు కట్టింది. ఆమె దగ్గరికి ఒంటరిగా ఎలా నడిచి వెళ్ళడం? ఏ మాటతో మొదలుపెట్టడం?

నాకు బావిలో ఆడే ఆట ఒకటి గుర్తొచ్చింది. ఒకడు మునిగి అడుగుకు పోతాడు. మెట్ల మీదున్నవాడు రెండు రాళ్ళు నీళ్ళలోనే ముంచి టకటక కొడతాడు. పైన ఎంత అరిచినా వినపడదు గానీ, నీళ్ళలో కొట్టిన రాయి చెవి పక్కనే కొట్టినట్టు మోగుతుంది. ఎన్ని దెబ్బలో మునిగినవాడు పైకొచ్చి చెప్పాలి. పడవాయన పక్కనున్న పెద్ద ఇనప పానా అందుకుని నిచ్చెన దిగాను. సంతకం పెట్టలేదు కదా అని ఎవరూ అడగలేదు. నడుం లోతున నీళ్ళు పట్టుకున్నాయి. ఆఖరి మెట్టు కింద కాలికి ఏమీ తగల్లేదు. ఆ నలుపు అంచునే వేలాడుతున్నాను. ఎడమచేత్తో నిచ్చెన వాటేసుకుని, కుడిచెయ్యి నీళ్ళలో ముంచి, ఇనప మెట్టు మీద పానాతో కొట్టాను. ఆపకుండా కొట్టాను. పిడికిలి తోలు లేచిపోయింది.

గొట్టం ఆగింది. తల పైకి వచ్చింది. అటూ ఇటూ తిరిగింది. అంత దూరం నుంచి మొహం కనపడకపోయినా, పడవ ఎక్కడుందో వాడు చూసిన క్షణం నాకు తెలిసింది. చేతులు ఒక్కసారిగా నీళ్ళను చరచడం మొదలుపెట్టాయి. మా వైపే ఈదుతున్నాడు. ఈదుతున్నా అక్కడే ఉన్నాడు. కాదు, ఇంకా వెనక్కే పోతున్నాడు.

"ఎదురీదకండి! ఎల్లకిలా తేలండి!" పడవాయన గుండెలు పగిలేట్టు అరిచాడు. నేనూ అందుకున్నాను. "వెల్లకిలా పడుకోరా! వెల్లకిలా!" పైకొచ్చిన చెవులకు ఈసారి వినపడింది. చేతులు ఆగాయి. తిరగబడి, ఆకాశం వైపు మొహం పెట్టి, నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయాడు.

నలుగురూ ఎక్కాక ఇంజిను వేసి, పోయి, చంకల్లో చేతులు వేసి వాణ్ణి లోపలికి లాగేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. ఉప్పునీళ్ళు కక్కాడు. ఆఫీసరు మంచినీళ్ళ సీసా ఇస్తే పట్టుకోలేకపోయాడు. నేనే తాగించాను.

"తాబేలు వెంట పోయాను బావా," అన్నాడు, దవడలు కొట్టుకుంటూ. "బావిలో ఎటు పోయినా కాసేపటికి చేతికి రాయి తగులుతుంది కదా. ఇప్పుడో ఇంకాసేపటికో తగులుతుందిలే అనుకుంటున్నట్టే ఉన్నాను. తల ఎత్తితే ఎటు చూసినా ఏమీ లేదు."

ఒడ్డు చేరేదాకా నా మణికట్టు వదల్లేదు. దిగేటప్పుడు ఆఫీసరు నా దగ్గరికి వచ్చి, "ఈ సంగతి ఊరెళ్ళాక ఎక్కువగా అనకండి," అని గొణిగాడు. పదిమందిలో అంటానని అతని మొహం మీదే చెప్పాను, అన్నాను కూడా. మావాడు మాత్రం విమానంలో ఒకటే మాట పట్టుకున్నాడు. "అక్కకి చెప్పకు బావా."

ఊరొచ్చేసరికి మిరపకాయలు కోతకొచ్చి కల్లాల్లో ఆరబోసి ఉన్నాయి. నా భార్య కాయ తిరగేస్తోంది. నా పిడికిలికి కట్టిన గుడ్డ చూసి, చేతిలోది వదిలేసి లేచి నిలబడింది. ఏం జరిగిందని అడగలేదు. "వాడేడి?" అంది.

"దర్శిలో దింపి వచ్చాను. బాగానే ఉన్నాడు."

"దిగాడా?"

దాచలేకపోయాను. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, వాణ్ణో నన్నో. కొంగుతో మొహం తుడుచుకుని ఒకటే అడిగింది.

"ఎంత దూరం పోయాడు?"

చుట్టూ చూశాను. మా కల్లం దాటి, ఇంకో మూడు కల్లాల అవతల ఎవరో వంగి కాయ కుప్ప చేస్తున్నారు. ఆడమనిషో మగమనిషో ఆనడం లేదు. ఎర్రటి ఆ పరుపు మధ్య చీమంత నలుపు, అంతే. అటు చెయ్యి చూపించాను.

ఆమె కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూసింది. తర్వాత, "ఇవాళే రమ్మనండి వాణ్ణి. ఒకసారి చూడాలి," అంది.