అంకుల్ కొత్త పెండలం

జూన్‌లో పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ మెసేజ్ పెట్టారు. ఇంటర్వ్యూ కోసం ఆస్టిన్‌కి డ్రైవ్ చేస్తున్నాను. బండి పక్కకి ఆపాను. రెండు నిమిషాలే. మళ్ళీ స్టార్ట్ చేశాను. ఆ డ్రైవింగ్ నాకు నేర్పింది ఆయనే.

వాళ్ళది నైజీరియా, ఇగ్బో వాళ్ళు. ఫ్రిస్కోలో మా వీధికి మాకంటే ముందొచ్చారు. ఓసారి పెండలం దొరకలేదని ఆయన దిగులుపడితే, ఇండియన్ స్టోర్‌లో ‘యామ్’ అని రాసున్న ప్యాకెట్ తెచ్చిచ్చాను. అది కంద. ఆయన తమ పద్ధతిలో కాల్చుకుని తిన్నారు. గొంతంతా దురద! అమ్మ చింతపండు నీళ్ళతో పరిగెత్తింది. నేను కంగారులో, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత ఇంగ్లీష్‌లో చెప్పాను. దగ్గుతూనే నవ్వారు.

"ఆ కత్తిపీటవి నువ్వే. దురదంతా నీ కాళ్ళకుంది."

నిజమే. నాలుగేళ్ళలో మూడు ఉద్యోగాలు మారాను. వాళ్ళింట్లో కూర్చున్నా కార్ తాళాలు చేతిలోనే. "కింద పెట్టమ్మా, అవీ కాసేపు కూర్చుంటాయి," అనేవారు.

ఆగస్టులో ఇక్కడి ఇగ్బో వాళ్ళంతా ఓ హాల్లో కలిసి కొత్త పెండలం పండగ చేసుకుంటారు. అందరికంటే పెద్దాయన కోసి, కాల్చిన ముక్క ఎర్ర పామాయిల్‌లో అద్దుకుని తినేదాకా కొత్త పంట ఎవరూ ముట్టరు. అక్కడ ఆ పెద్దాయన అంకులే. మూడేళ్ళు పిలిచారు. మూడేళ్ళూ వెళ్ళాను, కోయకముందే లేచొచ్చాను. మన ఫంక్షన్లలాగే రెండు గంటలు లేటు మరి.

పోయినేడు అలా లేచొచ్చాక ఫోన్ చేశారు. "నీ ముక్క ఉంచాను, రా."

"రేపొస్తానంకుల్."

"పెండలం మట్టిలో ఎనిమిది నెలలుంటుంది. నువ్వు నా పక్కన గంట ఉండలేవూ?"

వెళ్ళలేదు. వచ్చే ఏడు మీ చేత్తోనే తింటానని మాత్రం మాటిచ్చాను.

ఈ ఆగస్టులో వెళ్ళాను. పండగ రెండున్నర గంటలు లేటు. రెండుసార్లు తలుపుదాకా నడిచి వెనక్కొచ్చాను. ఆంటీ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"వెళ్ళాలా?"

"లేదాంటీ."

ఇప్పటి పెద్దాయన కోశారు. తింటారనుకున్నాను. తినలేదు. నూనెలో అద్దిన ముక్క పట్టుకుని బయటికి నడిచి, పార్కింగ్ లాట్ పక్కన గడ్డి మీద పెట్టి, అంకుల్ పేరు పిలిచారు. ముందు పోయినవాళ్ళకి, తర్వాతే బతికున్నవాళ్ళకి అట. ఏటా ముందే లేచొచ్చేసిన నాకు ఆ సంగతే తెలీదు.

అంటే ఈ ఏడూ ముందు తినేది అంకులే.

అందరం ఎండలో నిలబడ్డాం. మాడిన గడ్డిలోకి ఎర్ర నూనె మెల్లగా ఇంకుతోంది. చీమ ఒకటొచ్చి, ముక్క చుట్టూ తిరిగి, ఎక్కింది. నా వంతుకి ముందు ఇంకా చాలామంది ఉన్నారు.