'పట్టింది' అనే మాట

తెనాలిలో బాపట్ల వైపు వెళ్ళే రోడ్డు మీద ఉన్న మనోహర్ షెడ్డుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది, గాలివానకి ఎగిరిపోయింది. మళ్ళీ పెట్టించమని ఎవరైనా అంటే, "బ్రేకు పోయినవాడు బోర్డు చదువుకుంటూ వస్తాడా ఏంటండీ" అనేవాడు. నవ్వుతూనే అన్నా అందులో కాస్త గర్వం లేకపోలేదు. రేపల్లె నుంచి చీరాల దాకా ఏ బండైనా ఆగనని మొండికేస్తే జనం ఆయన పేరే చెబుతారు. ఇంజను జోలికి పోడు, ఏసీ ముట్టుకోడు. బ్రేకులు తప్ప ఇంకే పని చెప్పినా పక్క షెడ్డు వైపు చెయ్యి చూపిస్తాడు.

పని అయిపోయింది కదా అని బండిని అప్పగించెయ్యడం ఆయనకి అలవాటు లేదు. యజమానిని నడపమని, తను పక్క సీట్లో కూర్చుంటాడు. ఖాళీ రోడ్డు చూసి "తొక్కండి" అంటాడు. బండి ఆగుతుంది. కళ్ళు మూసుకుని, అరికాళ్ళతో ఏదో వింటున్నట్టు కాసేపు ఉండి, అప్పుడు "పట్టింది" అంటాడు. ఆ మాట రాకుండా బండి కదలదు. బాగుంది, అయిపోయింది, ఓకే లాంటి మాటలేవీ ఆయనకి ఆనవు.

కూతురు క్రిస్టినాకి మాత్రం ఆ షెడ్డంటే ఒళ్ళుమంట. బాపట్లలో నర్సుగా చేస్తోంది. తల్లి పోయినప్పటి నుంచి తండ్రిని తన దగ్గరికి తెచ్చేసుకోవాలని ఆరాటం. మనోహర్‌కి కుడిచెయ్యి ఈమధ్య సన్నగా వణుకుతోంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె నాడి చూసే వంకన తండ్రి మణికట్టు పట్టుకుంటుంది. చూసేది నాడిని కాదు, వణుకుని. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"నీ చేతిని నమ్ముకుని జనం రోడ్డెక్కుతున్నారు నాన్నా. ఇంక చాలు."

"నా తప్పు వల్ల ఒక్క బండి తిరిగొచ్చిందంటే ఆ రోజే షట్టరు దించేస్తా. అప్పటిదాకా నన్ను అడక్కమ్మా," అన్నాడు ఉడుక్కుని. క్రిస్టినా ఆ మాటని కొంగున ముడేసుకుంది. మనోహర్‌కి లోపల భయమే. షెడ్డు లేకపోతే తనెవరో తనకే తెలియదు.

అలాంటి రోజుల్లో తేజస్వి కారు వచ్చింది. రేపల్లె అమ్మాయి. బాపట్ల కాలేజీలో పాఠాలు చెబుతుంది, రోజూ కారులోనే వెళ్ళొస్తుంది. ఎలక్ట్రిక్ కారు, అదీ మామూలుది కాదు. ముందొక మోటారు, వెనకొక మోటారు. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. చప్పుడు మాత్రం నిల్లు. మొదటిసారి అందులో కూర్చున్న మనోహర్ "ఇంకా స్టార్ట్ చెయ్యరేంటండీ" అన్నాడు. అప్పటికే కారు రోడ్డెక్కింది.

"కాలు తీస్తే మోటారే వెనక్కి లాగి ఆపేస్తుంది బాబాయ్ గారూ, బ్రేకుతో పెద్దగా పని పడదు. బ్యాటరీ నిండా ఛార్జింగ్ ఉన్నప్పుడు మాత్రం అలా లాగదు. పొద్దున్నే మొదటి మలుపులో గుండె జారిపోతోంది," అంది తేజస్వి.

చక్రం విప్పి చూస్తే తెలిసింది. వాడకం లేక, సముద్రపు గాలికి డిస్కులు తుప్పెక్కాయి. వాటిని నొక్కి పట్టే ప్యాడ్లు గాజులా నున్నబడిపోయాయి. పైగా అంత బరువుకీ అంత వేగానికీ అవి చాలవు. పెద్ద డిస్కులు, రేసు కార్లకి వేసే ప్యాడ్లు తెప్పిద్దామన్నాడు మనోహర్. తేజస్వి ఫోన్లో చదివి చెప్పింది, అవి బాగా వేడెక్కితే గానీ పట్టవట. ఆయన చెవి గోక్కుని, "అయితే వద్దండి, మనకి పొద్దున్నే పట్టేవి కావాలి," అన్నాడు. ఇద్దరూ కూర్చుని వేరేవి ఎంచుకున్నారు. ఈ వయసులో కొత్తది నేర్చుకోవడం ఆయనకి హాయిగా అనిపించింది.

పని జరుగుతున్నంతసేపూ తేజస్వి నాయనమ్మ కోటిరత్నం స్టూలు మీద కూర్చుని చూసింది. తల్లి లేని పిల్లని ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి. మనవరాలి కాలి కింద అంత వేగం ఉందంటే ఆవిడకి తిండి సయించడం లేదు. వినేవాళ్ళుంటే మనోహర్ నోరు ఊరుకోదు.

"మోటారుదేముందండి పెద్దమ్మగారూ, రోడ్డెక్కిస్తుంది. ఇంటికి చేర్చేది మాత్రం ఇదే," అంటూ మెరుస్తున్న కొత్త డిస్కుని వేలితో తట్టాడు.

"ఇదీ పాతదానిలా పాడైపోతుందా బాబూ?"

"దీనికి పడనిదల్లా నీళ్ళేనండి. తడి తగిలి వాడకుండా వదిలేస్తే తుప్పే."

కోటిరత్నం ఆ రెండు మాటలూ జాగ్రత్తగా విని తల పంకించింది. అంత బుద్ధిగా పాఠం వినే శిష్యురాలు తేజస్వి క్లాసులో కూడా ఉండి ఉండదు.

కొత్త ప్యాడ్లు డిస్కులతో కుదురుకోవాలని బాపట్ల దాటి సూర్యలంక రోడ్డు మీద పదే పదే తొక్కించాడు. ఆఖరికి కళ్ళు మూసుకుని "పట్టింది" అన్నాడు. వెనక సీట్లో కోటిరత్నం దణ్ణం పెట్టుకుంది.

దసరా వెళ్ళిన మర్నాడే కారు లారీ ఎక్కి తిరిగొచ్చింది. ఆ రోజు సెలవు కావడంతో తండ్రికి క్యారేజీ తెచ్చిన క్రిస్టినా అక్కడే ఉంది. లారీలోంచి తేజస్వి, కోటిరత్నం దిగారు. తేజస్వి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పట్టలేదు బాబాయ్ గారూ. నగరం ఊరి దగ్గర బాతుల మంద అడ్డమొచ్చింది. ఎంత తొక్కినా జారుతూనే ఉంది. పక్కన గడ్డిలోకి దింపేశాను కాబట్టి బతికాం."

ఎవరికీ దెబ్బ తగల్లేదని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాక గానీ మనోహర్ జాకీ అందుకోలేదు. చెయ్యి మామూలు కంటే ఎక్కువ వణుకుతోంది. ఎక్కడ తప్పు చేశాను, ఏ బోల్టు మరిచాను అని మనసు గిలగిల్లాడింది. ముందు చక్రానికి చుట్టిన ఆయుధపూజ బంతిదండని తేజస్వి విసుగ్గా తెంపి పారేసింది.

"నాయనమ్మా, ఈ పూజలన్నీ ఇంక నా కారు దగ్గరికి తేకు. తెస్తే నిన్ను ఎక్కించుకోనంతే."

చక్రం ఊడొచ్చింది. ముందుగా వాసన తగిలింది, నువ్వుల నూనె వాసన. తర్వాత డిస్కు మీద పసుపు కనిపించింది. నూనెలో కలిపిన పసుపు. చక్రం ఊచల సందుల్లోంచి వేళ్ళు పోనిచ్చి, శ్రద్ధగా, గడపకి రాసినట్టు రాశారెవరో. ప్యాడ్లు నూనె పీల్చేసుకున్నాయి.

ఎవరో ఏంటి! మనోహర్ తలెత్తేసరికి కోటిరత్నం ఆయన్నే చూస్తోంది, పెదవులు బిగించి, కొంగు నలుపుకుంటూ. ఆయనకి అంతా అర్థమైపోయింది. ఇంటికి చేర్చేది ఇదే అన్నది తను. అందుకే పసుపు పెట్టింది. నీళ్ళు పడవన్నదీ తనే. అందుకే నీళ్ళు మాని నూనెలో కలిపింది. నూనె తగిలితే అసలుకే మోసమని చెప్పాల్సిన మనిషి ఆ ఒక్క ముక్కా చెప్పలేదు. ముందు ప్రాణం తేలికపడింది, చెయ్యి తప్పలేదని. మరుక్షణం ఆవిడ మొహం చూస్తే జాలితో గుండె కరిగిపోయింది. తేజస్వీ క్రిస్టినా ఇటు చూసేలోపే గుడ్డ తీసుకుని పసుపు కనబడకుండా తుడిచేశాడు.

"నూనె తగిలిందమ్మా. నా తప్పే. కొత్త ప్యాడ్లు నేనే తెప్పించి వేస్తాను, అందాకా బండి ఇక్కడే ఉంచండి," అన్నాడు.

తేజస్వి కోపం తెచ్చుకోలేదు, చిన్నబోయింది. వాళ్ళు వెళ్ళేముందు మనోహర్ కోటిరత్నం పక్కకి వెళ్ళి, "పెద్దమ్మగారూ, నీళ్ళ కన్నా నూనె పది రెట్లు చెడ్డదండి దీనికి. నేను చెప్పడం మరిచాను," అన్నాడు గొంతు తగ్గించి. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని లారీ ఎక్కింది.

క్రిస్టినా క్యారేజీ విప్పలేదు. "నీ మాట గుర్తుందా నాన్నా?"

"ఉందమ్మా. ఈ కారు అయ్యాక దించేస్తా."

కూతురితోనైనా చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెబితే నిజం తేజస్వి దాకా పోవడానికి ఎంతసేపు? మనవరాలి పక్క సీటు తప్ప ఆవిడకి మాత్రం ఇంకేముంది అనుకున్నాడాయన. పిచ్చి మనిషి. తనకి మాత్రం షెడ్డు తప్ప ఇంకేముందని.

ప్యాడ్లు వచ్చిన రోజు తేజస్వి ఫోన్ చేస్తే, పనిముట్లు సర్దడానికి వచ్చిన క్రిస్టినా ఎత్తింది. "రేపు పొద్దున్న రండి. నాన్నకి ఇదే ఆఖరి బండి, తర్వాత మూసేస్తున్నాం," అంది.

మర్నాడు రేపల్లె ప్యాసింజర్ దిగి ఇద్దరూ వచ్చారు. తేజస్వి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కోటిరత్నం మాత్రం నేరుగా క్రిస్టినా దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న తప్పేం లేదమ్మా. పసుపు నూనె రాసింది నేను. ఆయన చూశాడు, తుడిచేశాడు, నన్ను కాచాడు. నిన్న ఈ పిల్ల మూసేస్తున్నారని చెబితే అన్నం ముద్ద దిగలేదు. అప్పుడే దీనికీ చెప్పేశాను."

"చెప్పిందండి," అంది తేజస్వి. "నాకు చాలా కోపం వచ్చింది. ఇంకా ఉంది. అయినా ఎక్కించుకుంటాను, ఏం చేస్తాను మరి."

క్రిస్టినా తండ్రి వైపు తిరిగింది. ఆయన స్పానర్ల పెట్టెలో లేనిది వెతుకుతున్నాడు.

"నూనెలో కలపమని చెప్పింది నేనేనమ్మా ఒకరకంగా," అని గొణిగాడు.

కోటిరత్నం సంచిలోంచి పసుపు పొట్లం తీసింది. నీళ్ళూ లేవు, నూనే లేదు, ఉత్త పొడి. "ఇంతకీ ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు బాబూ."

"బానెట్ మీద పెట్టండి పెద్దమ్మగారూ, ఎంతైనా పెట్టండి."

"బానెట్ ఆపుతుందా బండిని?" అంది ఆవిడ. ఆయన కుడిచెయ్యి అందుకుంది. "మీలో ఈ పద్ధతి ఉండదేమో. తప్పనుకోకు." వణుకుతున్న ఆ అరచేతిలో ఇంత పసుపు అద్ది, వేళ్ళు మూసి, రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడ పట్టుకున్నంతసేపూ వణుకు లేదు.

"కడుక్కునే పని మొదలెడతానండి, ఏమనుకోకండి," అన్నాడు మనోహర్. సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాడు. నూనె పీల్చిన ప్యాడ్లు పారేశాడు, డిస్కులు కడిగి ఆరబెట్టాడు, కొత్త ప్యాడ్లు వేశాడు. క్రిస్టినా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉంది. బోల్టు బిగించేటప్పుడు వణుకు వచ్చింది, ఆయన ఆగాడు, పోయాక బిగించాడు, మళ్ళీ సరిచూశాడు. ఆమె అడ్డు చెప్పలేదు.

సూర్యలంక రోడ్డు మీద ముందు తేజస్వి, మనోహర్. వెనక కోటిరత్నం, ఆవిడ పక్కన క్రిస్టినా. పదే పదే తొక్కించి ప్యాడ్లు కుదురుకున్నాక, ఆయన చివరిసారి "తొక్కండమ్మా" అన్నాడు. కారు ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. మనోహర్ కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికంటే ఎక్కువసేపే మూసుకున్నాడు. ఆ మాట అనే హక్కు తనకి ఇంకా ఉందో లేదో తెలియక నోరు పెగల్లేదు.

వెనక సీట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆయన భుజం మీద ఆగింది.

"పట్టింది నాన్నా," అంది క్రిస్టినా. "షట్టరు సంగతి తర్వాత చూద్దాంలే, పద."