సగం తుపాకి

నా చిన్నప్పుడు మా తాత తుపాకి పేల్చాడంటే ఆదోని కొండల మీది కోతులు ఎమ్మిగనూరు దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తేవి. అదే తుపాకితో, ఇంకా నిక్కరు జారిపోయే వయసులో, నేను ఒక అడవిపందిని ఒక్క దెబ్బకు పడగొట్టాను. మా మనవళ్లకు ఈ కథ కంఠతా వచ్చు.

తుపాకి ఉన్నమాట నిజం. ఒంటిగొట్టం తుపాకి. వేరుశనగ చేలల్లో పడే పందులను బెదిరించడానికని సర్కారు లైసెన్సు ఇచ్చింది. ఊళ్లో ఇంకొక తుపాకి, రెండు గొట్టాలది, ఎగువ వీధిలో ఒక పెద్దాయనకు ఉండేది. మాకూ వాళ్లకూ గట్టు తగాదా. జానెడు నేల కోసం రెండిళ్ల మగవాళ్లూ ఏళ్ల తరబడి ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లు.

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. అవి ఊళ్లో లేనన్నాళ్లూ రెండిళ్ల ఆడవాళ్లూ కంటినిండా నిద్రపోవడం మా తాతా, ఆ పెద్దాయనా గమనించారట. ఒకసారి తుపాకులు తిరిగి తెచ్చుకుంటూ ఒకే బండిలో కూచోవలసి వచ్చింది. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు. ఊరు చేరేసరికి రెండు తుపాకులూ విప్పేశారు. మా తుపాకి గొట్టం మా ఇంట్లో, మీట ఉండే కట్టె వాళ్లింట్లో. వాళ్ల గొట్టాలు వాళ్లింట్లో, వాళ్ల కట్టె మా అటక మీద. పందులు పడిన రోజున ఎవరైనా సరే రెండో ఇంటికి పోయి అడిగి తెచ్చుకోవాలి. పోలీసులకు తెలిస్తే ఏమంటారో తాత కనుక్కోలేదు.

కుర్రవాళ్లకు ఈ ఏర్పాటు నచ్చలేదు. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, టీ అంగట్లో కూచుని, ఇంటికొక తుపాకి ఉంటే ఎవడూ ఎవడి జోలికీ రాడని వాదించేవాడు. తాత బీడీ ఆర్పి, “వానింట్లో గూడా ఉంటాది గదప్పా. అప్పుడు ముందు లేసినోనిదే పెత్తనం,” అనేవాడు. ముసలోనికి భయమని చిన్నాయన గొణుక్కునేవాడు.

ఒక పత్తి కాలంలో, ఆదోని మార్కెట్టు ముందు బండ్ల వరుసలో, ఎగువింటి పెద్దాయన కొడుకు మా బండిని పక్కకు నెట్టించాడు. అడ్డుపడిన చిన్నాయనను నలుగురి ముందు చెర్నాకోలతో కొట్టాడు. చిన్నాయన పత్తి అమ్మకుండానే ఇంటికి తిరిగొచ్చాడు. మెడ మీద వాత తేలి ఉంది. గొట్టం తీసి, అటక మీది కట్టె దించి, రెండూ బిగించబోయాడు. ఆ కట్టె వాళ్లదన్న సంగతి కోపంలో మరిచిపోయాడు. రెండు గొట్టాల కట్టెలో మా ఒంటిగొట్టం ఎలా కూచుంటుంది? చెమటలు కారేదాకా తిప్పాడు. ఆ పొద్దు ఏ ఇంట్లో ఏడుపు లేస్తుందోనని మా అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

తాత మంచం మీంచి లేవలేదు. “మనది ఎగువింట్లో ఉండాది. పోయి అడుగు,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వూ పో, వానికి తోడు,” అన్నాడు. ఆపమని కళ్లతోనే బతిమాలుతున్న అవ్వ వైపు చూడనే లేదు.

చిన్నాయన గొట్టం భుజాన వేసుకుని నడిచాడు. నేను సింహం పిల్లలా ఆయన పక్కనే నడిచాను. గడపలో ఎదురైన ఎగువింటి అవ్వ, “పందులు పడినాయా నాయనా?” అంది. అవునంటే అబద్ధం, కాదంటే వచ్చిన పని చెప్పాలి. చిన్నాయన అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. పెద్దాయన ఆయన మెడ మీది వాత చూశాడు. లోపలికి పోయి మా కట్టె తెచ్చి పక్కన పెట్టాడు. “నీదే అప్పా, తీసుకో. మావోడు పెరట్లో ఎద్దులకు నీళ్లు పెడతాండాడు,” అన్నాడు. ఆ తర్వాత పెరటి వైపు గొంతు పెంచి, “ఒరే, మజ్జిగ తీసుకోని రా. ఈయప్ప మెడ మీద నువ్వు రాసింది ఈడ కూచోని సదువుతాండా,” అన్నాడు.

కొడుకు చెంబు తెచ్చి ఇచ్చాడు. చిన్నాయన తాగాడు. తాగి చల్లబడి, గొట్టం అక్కడే మరిచి ఇంటికొచ్చాడు. అంటే మా తుపాకి మొత్తం, రెండు ముక్కలూ, పగవాళ్లింట్లో. అవ్వ గుండెలు బాదుకుంది. తాత నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. తెల్లవారాక ఎగువింటి కొడుకు గొట్టం తెచ్చి మా గోడకు ఆనించాడు. కట్టె తేలేదు, అది ఉండాల్సింది వాళ్లింట్లోనే గదా. తన ఎద్దులనే మా పత్తి బండికి కట్టాడు. చిన్నాయన కాసేపు చూసి, పోయి అతని పక్కన కూచున్నాడు.

ఇక పంది సంగతి. పేల్చింది తాత, అదీ గాలిలోకి. పంది ఒకసారి తలెత్తి చూసి మళ్లీ కాయలు తవ్వుకుంది. నేను గట్టు కింద చెవులు మూసుకుని ఉన్నాను. సింహం పిల్లను కూడా మీరు కొంచెం తగ్గించుకోండి.

మొన్న మా మనవడు ఫోన్లో ఏదో దేశం గొడవ చూపించాడు. మీట నొక్కినప్పుడల్లా, మళ్లీ తూటా పెట్టే పని లేకుండా పేలే తుపాకులు అక్కడ మామూలు మనుషుల ఇళ్లల్లో ఉంటాయట. ఉంచుకోవడం మా హక్కని కొందరు, వద్దని కొందరు. రెండు పక్కలా ఉన్నది ప్రాణభయమేననిపించింది నాకు. మా తాత కూడా హక్కు వదులుకోలేదు, లైసెన్సు గడువు ఎప్పుడూ దాటనివ్వలేదు. కాకపోతే ఎవరికి భయపడ్డాడో వాళ్ల చేతికే అందులో సగం ఇచ్చి పెట్టాడు. ఎవరి మీదైనా కోపం వస్తే నాకు ఆ కట్టె గుర్తొస్తుంది. వాళ్ల అరుగు దాకా పోయి కాసేపు కూచుంటాను. చాలాసార్లు మజ్జిగ దొరికింది.

ఇదంతా రాసి చిన్నాయనకు చదివి వినిపించాను. ఆయనకిప్పుడు చూపు లేదు గానీ చెవులు చురుకు. చివరిదాకా విని అన్నాడు:

“మజ్జిగ తాగి సల్లబడినానని రాసినావే, అది తప్పు. సెంబిచ్చేటప్పుడు వాని సెయ్యి వణికింది. అది సూసినా నేను. నీకు యాడ కనపడతాది, వాళ్లవ్వ బెల్లం పెడితే తలకాయ ఎత్తలేదు నువ్వు.”