స్టార్ పైన వేలాడిన థర్మామీటరు

రెండువేల సంవత్సరం నవంబరు పదిహేను, బుధవారం. ఉదయం ఆరూ నలభైకి మా మేడమీద థర్మామీటరు పదిహేడు డిగ్రీలు చూపించింది. ఆ అంకెను నా మనవరాలు తన నోట్సులో మొదటి వరుసలో రాసింది. అప్పటికి దానికి ఏడేళ్లు నిండి నెలా పదకొండు రోజులు.

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వెళ్లే రోడ్డు వెనక సందులో, మూడంతస్తుల ఇంట్లో పైవాటా మాది. నా కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు, నేను. పిల్లది ఏడు, దాని తమ్ముడు ఐదు. అల్లుడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను గుంటూరు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫయ్యొక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాక వాళ్ల దగ్గరికి వచ్చాను.

పిల్లల్ని మూడో తరగతి వయసు వచ్చేదాకా బడికి పంపకూడదని నా కూతురి నిర్ణయం. అప్పుడు మా చుట్టూ ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. పొద్దున ఆరున్నర బ్యాచ్‌కి హాస్టళ్ల నుంచి పిల్లలు జెరాక్సు కాగితాలు చంకలో పెట్టుకుని పరుగెత్తేవాళ్లు. వాళ్లను చూపిస్తూ అది అనేది, "పరుగెత్తడం ఎలాగూ నేర్చుకుంటారమ్మా. ముందు నిలబడి చూడ్డం నేర్పుదాం. దేవుడు చేసినవాటిని చూడకుండానే దేవుడికి స్తోత్రం చెప్పేస్తున్నాం." చదవడం, రాయడం, బైబిలు వాక్యం తన వంతు. లెక్కలూ, ప్రకృతి పాఠమూ నా వంతు.

అమీర్‌పేటలో ప్రకృతి ఏముందని మా చర్చిలో కొందరు నవ్వారు. ఉంది. ఎదురింటి ఆకాశమల్లి చెట్టు చలికాలమంతా తెల్లటి పొడుగుకాడల పూలు రాల్చేది. పక్క హాస్టల్ నీళ్లట్యాంకు మూతమీద మంచు పట్టేది. తోక పైకీ కిందికీ ఆడిస్తూ నడిచే పసుపుపొట్ట పిట్ట ఒకటి ఏటా చలికి వచ్చి, ఎండలు ముదరక ముందే వెళ్లిపోయేది. ఇవన్నీ రాయడానికి నోట్సులో నాలుగు గళ్లు గీశాను. తేదీ, వేళ, ఉష్ణోగ్రత, ఏం చూశాను. నియమాలు రెండు. చూడనిది రాయకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. ఆదివారం నోట్సు తెరవం.

థర్మామీటరుకి స్థలం నేనే ఎంచాను. ఎండ తగలకూడదు, వాన పడకూడదు. మెట్లగది ఉత్తరపు గోడకి, రేకు కింద, మేకు కొట్టించి తగిలించాను. ఆ ఎంపికలో తప్పు లేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు రోజూ అదే వేళకు మంకీ క్యాప్ పెట్టుకుని మేడమీదికి నడవడానికి వచ్చేవాడు.

"ఏంది టీచరమ్మా, పొద్దుపొద్దుగాల్నే పిల్లల్ని సలిల నిలవెట్టిన్రు? బడి లేదు, బస్సు లేదు, గిదేం సదువు?"

"ఇదే చదువండీ. చలిని చదువుతున్నారు."

"సలిని సదువుడేంది! నన్నడుగున్రి, నేనే చెప్త. మస్తు సలి. రాస్కో బిడ్డా."

"మీరు చెప్తే రాయకూడదు తాతగారూ," అంది మనవరాలు. "నేను చూస్తేనే రాయాలి."

ఆయన పకపకా నవ్వి, "అబ్బో, పోలీసు ముచ్చట జేస్తున్నది పోరి," అన్నాడు.

డిసెంబరు ఒకటో తేదీ సాయంత్రం అల్లుడు క్రిస్మస్ స్టార్ కట్టాడు. ఎర్రకాగితంతో చేసిన పెద్ద స్టార్, లోపల వంద క్యాండిల్ బల్బు. వీధిలోకి కనిపించాలని మెట్లగది రేకు కిందే వేలాడదీశాడు. మా ఇంట్లో స్టార్ సాయంత్రం వెలిగిస్తే మర్నాడు ఉదయం ప్రార్థన అయ్యేదాకా ఆర్పరు. ఆర్పే పని చిన్నవాడిది. మేం అంకె రాసుకుని కిందికి దిగి, పాట పాడి, ప్రార్థన ముగించాక వాడు పైకి పరుగెత్తి స్విచ్ నొక్కేవాడు.

రెండో తేదీన థర్మామీటరు ఇరవై చూపింది. నాలుగున ఇరవై. ఐదున పంతొమ్మిదిన్నర. డిసెంబరు వచ్చేసరికి చలి తగ్గడమేమిటని నేను ఆలోచించాను. ఆలోచించి ఒక సిద్ధాంతమే కట్టాను. ఒక్కో బిల్డింగులో వందలకొద్దీ కంప్యూటర్లు, వాటికి ఏసీలు, కరెంటు పోతే జనరేటర్లు. ఆ వేడంతా సందుల్లోకే వదులుతున్నారు కాబట్టి అమీర్‌పేట మూడు డిగ్రీలు వేడెక్కింది. చర్చిలో స్త్రీల కూడికలో కూడా తేదీలతో సహా చెప్పాను. అందరూ తలలూపారు.

తల ఊపనిది మనవరాలొక్కతే. అది ఏడో తేదీన నాలుగో గడిలో, "ఈరోజు నిన్నటికన్నా చలి. కాళ్లు జిల్లుమన్నాయి," అని రాసింది. ఎర్ర పెన్నుతో పక్కన రాశాను, "తప్పు. నిన్నా 20, ఈరోజూ 20."

"చలిగానే ఉంది అమ్మమ్మా. ట్యాంకు మూత మీద నీళ్లు ఎక్కువున్నాయి చూడు."

"థర్మామీటరుకి అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంది? కాళ్లతో కొలుస్తారా ఎవరైనా?"

ఇలా ఏడుసార్లు ఎర్ర పెన్ను పెట్టాను. ఏడోది పద్నాలుగో తేదీన. పదిహేను నుంచి అది కాళ్ల సంగతి రాయడం మానేసింది. "పూలు రాలాయి." "పిట్ట వచ్చింది." అంతే. పద్దెనిమిదో తేదీన పెన్సిలు పట్టుకుని నావైపు చూసి, "ఏం చూశానని రాయను అమ్మమ్మా?" అని అడిగింది. పిల్ల దారికి వచ్చిందనుకున్నాను.

ఇరవయ్యో తేదీ, బుధవారం. ఓనరు శాలువా కప్పుకుని వచ్చాడు. నడవడం మానేసి తిన్నగా మెట్లగది రేకు కిందికి వెళ్లి, రెండు అరచేతులూ స్టార్ పైన చాపాడు. వాటిని రుద్దుకుని మళ్లీ చాపాడు.

"మీ యేసయ్య సుక్క మస్తు ఎచ్చగున్నది టీచరమ్మా. వారం సంది మీరు కిందికి దిగినంక గిదే నా కుంపటి."

ఆయన చేతులకి జానెడు పైన మేకు. మేకుకి థర్మామీటరు.

నేను మనవరాలి వైపు చూశాను. అది ఆయన చేతులు చూసింది. థర్మామీటరు చూసింది. తర్వాత నా ముఖం చూసింది. దానికి అర్థమైంది. అర్థమైందని నాకూ అర్థమైంది. కానీ అది నోరు విప్పలేదు. తల వంచుకుని నోట్సులో "19" అని రాసి, నాలుగో గడి దగ్గర పెన్సిలు ఆపి నించుంది.

పదహారు రోజులు అంకె తప్పు రాయించడం ఒక తప్పు. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని చెప్పడానికి ఏడేళ్ల పిల్ల భయపడేలా చెయ్యడం వేరే తప్పు. మొదటిదాన్ని దిద్దడం నాకు తెలుసు. రెండోదానికి ఏ నియమమూ నా దగ్గర లేదు.

థర్మామీటరు తీసి, మా మేడమీది నీళ్లట్యాంకు వెనక నీడలో పావుగంట పెట్టాను. పదిహేను. తేడా నాలుగు.

"డిసెంబరు రెండు నుంచి ఇరవై దాకా పంతొమ్మిది రోజులు," అన్నాను. "మూడు ఆదివారాలు తీసేస్తే పదహారు వరుసలు. ఒక్కోదాంట్లోంచి నాలుగు తీసేసి పక్కన రాయి. సరిపోతుంది."

అది పెన్సిలు ఎత్తింది, మళ్లీ దించింది. గోడ వైపు చూస్తూ అంది, "అన్ని రోజులూ నాలుగేనా అమ్మమ్మా? గాలొచ్చినప్పుడు స్టార్ ఊగేది. అటు పోయేది. ఆ రోజులు ఎంతో మనం చూళ్లేదు కదా."

నా మొదటి నియమం.

"లేదు, చూళ్లేదు," అన్నాను. ఎర్ర పెన్ను దాని చేతికిచ్చాను. పదహారు అంకెల మీదా స్కేలు పెట్టి ఒక్కొక్క గీత కొట్టింది. పక్కన ఏమీ రాయలేదు. నా ఏడు "తప్పు"ల దగ్గరికొచ్చి ఆగింది.

"ఇవి కూడా కొట్టనా?"

"అవి నావి. నేను కొట్టాలి."

శనివారం సాయంత్రం మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. మర్నాటి ఆరాధనకు ముందు, ప్రార్థనలో ఒక్కొక్కరూ ఆ వారం ఎవరిని నొప్పించారో చెప్పి, వాళ్లనే క్షమాపణ అడగాలి. చిన్నవాడు ప్రతివారం అక్క బిస్కెట్ తినేసిన సంగతి చెప్పేవాడు. నేను మాత్రం అంతవరకూ "తెలిసీ తెలియక చేసినవి" అని ఒక్కమాటతో ముగించేదాన్ని. పిల్లల ముందు పెద్దవాళ్లు అంతకుమించి చెప్పనక్కర్లేదని నా ఉద్దేశం.

ఇరవైమూడో తేదీన నోట్సు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చింది. తేదీలు చదివాను. నాలుగు, ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు, పదమూడు, పద్నాలుగు. "ఈ ఏడు రోజులూ నువ్వు నిజం రాశావు. నేను తప్పని రాశాను. నన్ను క్షమించు," అన్నాను. ఒక్కో ఎర్రమాట మీదా గీత కొట్టి, పక్కన "ఒప్పు" అని రాశాను. అల్లుడు నేల చూపులు చూశాడు. నా కూతురు కళ్లు తుడుచుకుంది.

మనవరాలు, "క్షమించాను. కానీ స్టార్ తీసేయొద్దు," అంది. "తాతగారికి చలేస్తుంది."

స్టార్ తీయలేదు. థర్మామీటరే ట్యాంకు వెనక్కి మారింది. ఆ మర్నాడు ఆరాధన అయ్యాక స్త్రీల కూడికలో, అమీర్‌పేట వేడెక్కలేదని, మా స్టార్ వేడెక్కించిందని చెప్పాను. నా సిద్ధాంతానికి తలలూపినవాళ్లే దీనికీ ఊపారు.

ఇరవయ్యారో తేదీ, మంగళవారం. ఆరూ నలభై. పద్నాలుగు డిగ్రీలు. ముందురోజూ పద్నాలుగే. మనవరాలు ఉష్ణోగ్రత రాసింది. నాలుగో గడి దగ్గర ఆగి నావైపు చూసింది. నేను ఆకాశమల్లి వైపు తిరిగి నించున్నాను. పెన్సిలు కదిలే చప్పుడు వినిపించింది. చాలాసేపు రాసింది.

తిరిగి చూస్తే ఇలా ఉంది. "అంకె నిన్నటిదే. కానీ ఈరోజు ఎక్కువ చలి. గాలి ఉంది. కాళ్లు జిల్లుమన్నాయి."

నోట్సు రెండు చేతులతో పట్టుకుని, కళ్లార్పకుండా నన్నే చూస్తోంది.

నా చెప్పులు విప్పి పక్కన పెట్టాను. అరవై మూడేళ్ల వయసులో డిసెంబరు చలిలో బోసికాళ్లతో గచ్చు మీద నిలబడటం డాక్టరు వద్దన్న పని. అర నిమిషం నిలబడ్డాను.

"ఎంత అమ్మమ్మా?" అంది అది.

"అంకె లేదు," అన్నాను. "కానీ నువ్వు రాసింది నిజం."