బల్లల వార్నీషు

మా కారు ముందు దీపాల మీద ఉన్నది గాజు కాదు, ప్లాస్టిక్. మేం కొనేటప్పటికే అది ఎండకి పసుపెక్కి ముసలివాళ్ళ కాలిగోరులా తయారైంది. దీపాలు వేస్తే వెలుగు రోడ్డు దాకా వచ్చేది కాదు. ఆ మసక లోపలే వెలిగి అక్కడే ఆగిపోయేది.

"కారుకి కామెర్లొచ్చాయి. పసరు పోయించండి," అని అమ్మ నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గు ఆయాసంలోకి దిగేది. అసలు ఆ పాత కారు కొన్నదే ఆమె ఆయాసం కోసం. ఉత్తరాదిన మేముండే పర్సుడీహ్‌లో మా వీధికి చీకటి పడ్డాక ఆటోలు వచ్చేవి కావు. చలికాలంలో పొగా మంచూ కలిసి కిందికి దిగితే అమ్మకి ఊపిరాడేది కాదు. వెంటనే టౌన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించాలి.

కొత్త దీపాలు కొనే స్తోమత లేదు, ఇంట్లోనే రుద్దుదామన్నాడు నాన్న. ఆయన రైల్వేలో రిటైరయ్యాడు. మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. ప్రార్థన చెయ్యకుండా స్క్రూ కూడా విప్పడు. ఆ రోజూ బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, పాత బనియను గుడ్డకి టూత్‌పేస్టు రాసి మొదలుపెట్టాడు.

"ఏటండీ, దీపాలకి పళ్ళు తోముతన్నారా?" అంది అమ్మ గుమ్మంలో కూర్చుని.

"నువ్వు నవ్వకు. నవ్వితే ఆయాసమొత్తాది."

పేస్టుతో కాస్త తేటబడింది గాని రెండో రోజుకి మళ్ళీ మామూలే. అప్పుడు తమ్ముడు ఉప్పుకాగితం తెచ్చాడు. నీళ్ళు పోస్తూ ముందు గరుకుది, తర్వాత నున్నటిది రుద్దారు. పాలు కారినట్టు తెల్లటి నీళ్ళు కారాయి. పైన ఏదో పూత వెయ్యకపోతే ఎండకి మళ్ళీ పాడైపోతుందని మెకానిక్కు చెప్పాడు. ఆ పూత డబ్బా మా దగ్గర లేదు. మందిరంలో బల్లలకి వెయ్యగా మిగిలిన వార్నీషు ఉంది.

"పాపా, వో లకడీ కా హై," అన్నాడు తమ్ముడు. వాణ్ణి తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు వచ్చేది.

"చెక్కదైతే ఏటిరా? దేవుడి బల్లలకి పనికొచ్చింది మన దీపాలకి పనికిరాదేటి?"

వేశాడు. ఆరాక చూస్తే నిజంగానే కొత్త దీపాల్లా మెరిశాయి. ఆ ఆదివారం నాన్న మందిరంలో నిలబడి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పాడు. బైబిలు వాక్యంలో దీపం మాట ఎక్కడెక్కడ వస్తుందో అన్నీ ఎత్తి, మసకబారిన మన హృదయాల్ని కూడా ప్రభువు ఇలాగే రుద్ది మెరిపిస్తాడన్నాడు. సంఘమంతా స్తోత్రమంది. ఆరాధనయ్యాక జనం కారు చుట్టూ మూగి దీపాలు తడిమి చూశారు. అమ్మ ముఖంలో గర్వం నాకు గుర్తే.

ఎండాకాలం వెళ్ళేసరికి పూత టీ రంగుకి తిరిగింది. వానలకి పొక్కులు లేచాయి. దసరా నాటికి అసలు మసకే నయమనిపించింది.

"ఛీల్ దేతే హైఁ, పాపా." గీకేద్దామని తమ్ముడు చాలాసార్లు అడిగాడు.

"సంఘం ముందు సాక్ష్యం చెప్పినోణ్ణిరా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని గీకమంటావు?"

పగలు నడపడానికి ఇబ్బంది లేదు కదా అని నాన్న ఆ మాట అక్కడికి ఆపేసేవాడు. నలుగురిలో చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మా ఇళ్ళల్లో ఎంత కష్టమో బయటివాళ్ళకి చెబితే తెలియదు.

క్రిస్మస్ ముందర ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకే అమ్మకి ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. వెనక సీట్లో నా ఒళ్ళో పడుకోబెట్టాం. బయట మంచు గోడలా నిలబడి ఉంది. నాన్న దీపాలు వేశాడు. బానెట్ ముందు ఎర్రమట్టి నీళ్ళలాంటి వెలుగు కాస్త కనిపించింది, అంతే. దారిలో లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రక్కుని ఆఖరి క్షణంలో చూసి బ్రేకు తొక్కాడు. తమ్ముడు దిగి టార్చి పట్టుకుని కారు ముందు నడిచాడు. వాడి నడక వేగంతో మేం వెళ్ళాం. నాన్న గట్టిగా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. ఆ ప్రార్థన కింద అమ్మ గొంతులో ఈలలాంటి చప్పుడు నాకు వినిపిస్తూ ఉంది. వీధి దీపాలున్న రోడ్డు చేరేసరికి ఆ చప్పుడు తగ్గిపోయింది. తగ్గడం మంచిదేనేమో అనుకున్నాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కాస్త ముందు తెచ్చుంటే, అన్నాడు డాక్టరు. ఆ మాట పూర్తి చెయ్యలేదు. మర్నాడు అమ్మ పోయింది.

ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూటానికి ఇల్లు నిండింది. అంతా ప్రభువు చిత్తమన్నారు పాస్టరుగారు. ఆ మాట చిన్నప్పటినుంచీ వింటున్నదే, నేను నమ్మేదే. నాన్న లేచి నిలబడ్డాడు. సంఘపెద్ద కదా, కృతజ్ఞతలు చెబుతాడనుకున్నారు.

"ఆయన మీదకి తొయ్యకండయ్యా," అన్నాడు. "ఇది ప్రభువు చిత్తం కాదు. నా వార్నీషు. గీకెయ్యమని నా కొడుకు మొత్తుకున్నాడు. మీ ముందు గొప్పలు చెప్పుకున్నాను గనక గీకలేదు. ఇదీ నా సాక్ష్యం."

పక్కనున్న పెద్దాయన నాన్న చొక్కా పట్టుకుని కూర్చోమని లాగాడు. సాక్ష్యం అయ్యాక ఆమెన్ అనడం మా అలవాటు. ఒక్క గొంతూ లేవలేదు.

నేనన్నాను.

మేనత్త నా వైపు తిరిగి, "తండ్రిని చంపేత్తావేటే!" అంది. ఆమె ఉద్దేశంలో ఆమెన్ అంటే అలాగే అగును గాక అని. నిజమే అని కూడా దానికి అర్థమని సండే స్కూల్లో మాకు నేర్పింది నాన్నే. ఆయన నన్ను చూశాడు. చొక్కా పట్టుకున్న చేతిని మెల్లగా విడిపించుకుని, తమ్ముడి పక్కకి వెళ్ళి నేల మీద కూర్చున్నాడు.