చెమ్మ వాసనా? అబ్బే!

నా పేరు వెండెల్ ఆస్‌లండ్. రిటైరయ్యేదాకా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాను. పుట్టింది మిన్నెసోటాలో, పెరిగింది మిన్నెసోటాలో, కాబట్టి 'వద్దు' అనడం నాకు బాగా వచ్చు. ఆ మాట మీద నిలబడడమే రాదు. మావైపు ఎవరైనా కాఫీ తాగుతారా అని అడిగితే ముందు వద్దనాలి. మళ్ళీ అడిగితే, అబ్బే మీకెందుకండీ శ్రమ అనాలి. మూడోసారి అడిగితే, సరే, మీకు ఇబ్బంది లేకపోతే ఒక్క చుక్క పొయ్యండి అనాలి. మొదటిసారే ఔనన్నవాణ్ణి ఆబగా ఉన్నాడంటారు. మూడోసారి కూడా వద్దన్నవాణ్ణి ఏమంటారో నాకు తెలీదు, అలాంటివాణ్ణి నేనింకా చూళ్ళేదు.

ఈ మర్యాద వల్ల నాకు జరిగిన మేళ్ళు అన్నీ ఇన్నీ కావు. ఎవరిదో అంత్యక్రియల భోజనానికని వెళ్ళి, మా చర్చిలో ఏటా జరిగే చేపల విందుకి బంగాళాదుంపల తొక్క తీసే కమిటీకి పెద్దనై తిరిగొచ్చాను. ఆ పదవి నుంచి ఇంకా దిగలేదు. ఒకాయన నిచ్చెన అమ్ముతానంటే, వద్దని చెప్పి వద్దామని వెళ్ళి, నిచ్చెనతో పాటు ఆయన ముసలి కుక్కని కూడా వేసుకొచ్చాను. కుక్క బంగారం. నిచ్చెనకే మధ్యలో మెట్టు లేదు.

అలాంటి నేను పాత ట్రైలర్ కొనడానికి బయల్దేరాను. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లన్నమాట. మంచం, పొయ్యి, బల్ల, అన్నీ అందులోనే ఉంటాయి. సరదాకైతే నేను ఆ జోలికే పోయేవాణ్ణి కాదు. నిరుడు చలికాలం మా ఆవిడ మార్లిస్‌కి న్యుమోనియా వచ్చింది. తగ్గింది గానీ ఊపిరి మునుపటిలా లేదు. చర్చి బృందంలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి, ఇప్పుడు చరణం మధ్యలో ఆగిపోయి, పుస్తకం మూసి కూర్చుంటోంది. చలికాలమంతా అరిజోనా ఎండలో గడపమంది డాక్టరమ్మ. "చలి కంటే చెమ్మ ప్రమాదం. బూజు పట్టిన చోట ఈవిడ ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు" అని, మార్లిస్‌ని వదిలేసి నా మొహంలోకి చూస్తూ చెప్పింది. కొత్త ట్రైలర్ కొనే తాహతు మాకు లేదు. పాతదైనా సరే, పొడిగా ఉంటే చాలు.

ఇక చూస్కోండి, పాత ట్రైలర్ పరీక్ష చెయ్యడం ఎలాగో నేర్పే వీడియోలు కూర్చున్నచోటు నుంచి లేవకుండా చూశాను. వసంతం వచ్చేసరికి నా అంతవాడు లేడనిపించింది. టార్చి, స్క్రూడ్రైవరు, మోకాళ్ళకి మెత్తలు, పైకప్పు ఎక్కడానికి నిచ్చెన (మెట్టు లేనిదే) సర్దుకుని, తలకి దీపం కూడా కట్టుకున్నాను.

"ట్రైలర్ కొనడానికేనా, బొగ్గు గనిలోకా?" అంది మార్లిస్.

"నవ్వు, నవ్వు. ఈ కంటి నుంచి ఒక్క లోపం తప్పించుకోదు."

"నీ కంటితో నాకు పేచీ లేదయ్యా. నీ నోటితోనే." బండి ఎక్కాక నా చెయ్యి పట్టుకుంది. "చెమ్మ ఉంటే వద్దని చెప్పెయ్. నీ వద్దు కాదు. మామూలు మనుషులు అనే వద్దు."

"నేనేం చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలైతే ఠక్కున చెప్పేస్తారు."

ట్రైలర్ పక్క ఊళ్ళో లవాన్ హౌగెన్ అనే ఆవిడది. భర్త ఎల్డన్ శరదృతువులో పోయాడు. ఆవిడ మా కంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. మేము దిగేసరికి వాకిట్లోకొచ్చి నిలబడింది.

"ఆ డొక్కు చూడ్డానికి ఇంత దూరం పడొచ్చారా, పాపం!" అంది.

"డొక్కేమిటండీ! రోడ్డు మీద నుంచే చూశాం, ముచ్చటగా ఉంది" అన్నాను. మార్లిస్ మోచేత్తో పొడిచింది.

ముందు కాఫీ. కాఫీ తాగకుండా మావైపు పంది పిల్లని కూడా బేరం చెయ్యరు. పుల్లటి రుబార్బ్ కాడలు వేసి పళ్ళెంలో కాల్చి చదరాలుగా కోసిన బార్లు పెట్టింది. నేను వద్దన్నాను, శ్రమెందుకన్నాను, తరవాత మూడు తిన్నాను. తింటుంటే ఎల్డన్ గురించి చెప్పింది. వేసవి వచ్చిందంటే ఇద్దరూ చెరువు ఒడ్డున ట్రైలర్లోనే కాపురం. కిటికీ తెరలు ఆవిడే కుట్టింది, వాటి మీద బాతుల బొమ్మలు. ఆ మూడో బార్ గొంతులో ఉండగానే నాకు తెలిసిపోయింది, ఈవిడ ముందు ఆ ట్రైలర్ని ఒక్క మాట అనడం నావల్ల కాదని.

ఆడవాళ్ళిద్దరూ రుబార్బ్ మడి చూస్తామని పక్కకెళ్ళారు. నేను పరీక్ష మొదలుపెట్టాను. కాసేపటికి లవాన్ మాత్రం వచ్చి నా వెనకే నిలబడింది.

"టైర్లు పాతబడ్డాయేమో" అంది.

టైరు పక్కన తయారైన తేదీ ఉంటుంది, వీడియోలో చెప్పారు. వంగి చదివాను. ఆ టైర్లకి ఓటు హక్కు వచ్చేసింది.

"మా బండివి ఇంతకంటే పాతవండీ" అన్నాను.

నిచ్చెన వేసుకుని పైకెక్కాను. అతుకుల వెంబడి పూసిన జిగురు ఎండి, బీటలు తీసి, ఒకచోట నా చిటికెన వేలు దూరిపోయింది.

"కారుతుందేమోనండీ!" కింద నుంచి అరిచింది లవాన్.

"భలేవారే! ఇలాంటి కప్పు మా ఇంటికి ఉంటే ఎంత బాగుణ్ణు!" అని పైనుంచి నేను అరిచాను.

ఆవిడ మాట నేను నమ్మలేదు. మావైపు సొంత వస్తువుని ఎవరూ మెచ్చుకోరు. కొత్త ట్రాక్టరు కొన్నవాడు కూడా 'ఏదో, కదులుతోంది' అంటాడు. ఆవిడ మర్యాదకి తన వస్తువుని తిడుతోంది, నేను మర్యాదకి పొగుడుతున్నాను. అమ్మే మనిషి లోపాలు చూపిస్తుంటే కొనేవాడు కాదని వాదించే బేరం ఎలా గెలవాలో ఏ వీడియోలోనూ చెప్పలేదు.

తలుపు తీశాను. వాసన మొహాన కొట్టింది. వానలో తడిసిన కుక్కని బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంది.

"అబ్బ, హాయిగా ఉందండీ" అన్నాను. నోటి మీద ఒకటి వేసుకోవాలనిపించింది.

మోకాళ్ళకి మెత్తలు కట్టుకుని మంచం కిందకి దూరాను. మూలన గోడకి అంటించిన కాగితం ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవరు కొన ఆనించానో లేదో, పిడిదాకా దిగిపోయింది. కేకు ఉడికిందో లేదో చూడ్డానికి పుల్ల గుచ్చినా అంత తేలిగ్గా దిగదు. బయటికి లాగితే చివర నల్లటి తడి పొట్టు. గోడ లోపలంతా కుళ్ళిపోయింది. డాక్టరమ్మ మొహం కళ్ళ ముందు కనిపించింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఎవరూ చూడకుండా ఆ కాగితాన్ని బొటనవేలితో నొక్కి, చక్కగా అంటించేసి, బయటికొచ్చాను.

"ఎలా ఉంది?" అంది లవాన్.

"మరీ అంత చెడ్డగా ఏం లేదు" అన్నాను. మా దేశంలో ఇంతకు మించిన పొగడ్త లేదు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

అప్పుడే మార్లిస్ వచ్చి లోపలికి అడుగెయ్యబోయింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "నువ్వెందుకులే, మెట్టు ఎత్తుగా ఉంది" అన్నాను. ఆ మెట్టు కోడిపిల్ల కూడా ఎక్కుతుంది. మార్లిస్ నన్ను పక్కకి నెట్టి లోపలికెళ్ళింది, తెరలు చూసింది, "ఎంత బాగా కుట్టారండీ!" అంది, అంతలోనే దగ్గు అందుకుంది. ఒంగిపోయి, బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా దగ్గింది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

"ఈ ఏడు పుప్పొడి మరీ ఎక్కువగా ఉంది" అన్నాను.

"అవునవును. మా ఎల్డన్‌కీ అంతే. వేసవంతా దగ్గే" అంది లవాన్.

మార్లిస్ మాట్లాడే స్థితిలో లేదు. నన్ను చూసింది. నోరు తెరవాల్సింది నేనే.

"మీలాంటి వాళ్ళకి వెళ్తే ఎల్డన్ సంతోషిస్తాడు. మీకు తోచినంతకే తీసుకోండి" అంది లవాన్.

"వద్దండీ" అన్నాను. నిజంగా వద్దనే అన్నాను. కానీ ఆవిడకి అది మొదటి వద్దు, లెక్కలోకి రాదు.

"మొహమాటపడకండి, తీసుకోండి."

"అబ్బే, మీకెందుకండీ..."

"నా మాట విని తీసుకెళ్ళండి వెండెల్ గారూ."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మూడోసారికి నా నోరు ఒకే దారిన పోయింది. ఆ రోజూ అటే పోయింది.

"సరే, మీకు ఇబ్బంది లేకపోతే..." అన్నాను.

ఇలా ట్రైలర్ కొనేశాను, మర్నాడు వచ్చి తీసుకెళ్ళేటట్టు. మార్లిస్ ఇంకా ఊపిరి కూడదీసుకుంటోంది.

మళ్ళీ ఇంట్లోకి తీసుకెళ్ళి కాఫీ పోసింది లవాన్. పోస్తూ పోస్తూ, "కరోనా వచ్చినప్పటి నుంచి నా ముక్కు పనిచెయ్యట్లేదండీ. ఉల్లిపాయ మాడినా తెలీదు. ట్రైలర్లో చెమ్మ వాసన గానీ వస్తోందా?" అంది.

"చెమ్మ వాసనా? అబ్బే!" అన్నాను.

సెలవు తీసుకోవడం మా దగ్గర ఒక పూట పని. బల్ల దగ్గర లేస్తాం, గుమ్మం దగ్గర ఆగుతాం, బండి దగ్గర మళ్ళీ మొదలెడతాం. గుమ్మం దగ్గర అడిగింది: "నిజంగా ఏం వాసన రాలేదు కదా?"

"పాత సామాను కదండీ, కాస్త పాత వాసన. అంతే."

బండి ఎక్కాం. ఇంజను ఆన్ చేశాను. లవాన్ నడుచుకుంటూ వచ్చి, కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టింది. ఈసారి 'గారూ' లేదు.

"వెండెల్, మూడోసారి అడుగుతున్నాను."

ఇంజను ఆపేశాను. మూడోసారి అబద్ధం చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు.

"కుళ్ళిపోయిందండీ" అన్నాను. "మంచం వెనక గోడంతా తడి. బూజు. మార్లిస్ దగ్గింది పుప్పొడికి కాదు. అందులో ఈవిడ పడుకుంటే బతకదు."

లవాన్ తల తిప్పి ట్రైలర్ వైపు చూసింది. చెయ్యి మాత్రం అద్దం మీదే ఉంది.

"పాస్టరు గారు అందులో కూర్చుని కాఫీ తాగారు" అంది చివరికి. "మా తమ్ముళ్ళిద్దరూ వచ్చారు. ఎల్డన్‌తో పేకాడేవాళ్ళు వారం వారం వచ్చేవారు. అందరూ ఎంత హాయిగా ఉందో అన్నారు."

నేనూ అదే మాట అన్నాను.

"ఎల్డన్‌కి ముక్కు బాగానే ఉండేది" అంది. "ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ తెరలంటే నాకెంత ఇష్టమో ఆయనకి తెలుసు కదా."

మార్లిస్ బండి దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ అలా నిలబడిపోయారు. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. తలకి కట్టుకున్న దీపం ఇంకా వెలుగుతూనే ఉందని అద్దంలో చూసుకుని ఆర్పేశాను.

"ఎవరికీ అమ్మను. మనిషిని పిలిచి విరగ్గొట్టిస్తాను" అంది లవాన్. మాకు తిండి కట్టిస్తానంది. వద్దన్నాం. ఈసారి రెండోసారి అడగలేదు.

తిరుగుదారిలో మొక్కజొన్న చేలు దాటేదాకా మార్లిస్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిడుతుందని ఎదురుచూస్తున్నాను. తిడితే బాగుణ్ణు, దులుపుకుని ఇంటికి పోదును.

"ఆవిడ మూడోసారి అడిగింది కాబట్టి సరిపోయింది" అంది, నా వైపు తిరక్కుండానే. "అడక్కపోయి ఉంటే?"

"ఏదో ఒకటి చేసేవాణ్ణి."

"ఏం చేసేవాడివి?"

ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. మర్నాడు పొద్దున వెళ్ళి ట్రైలర్ తగిలించుకునేవాణ్ణి. ఆ కాగితం మీద ఇంకో కాగితం అంటించేవాణ్ణి. లవాన్ బాధపడకూడదని, చలికాలం రాగానే ఈ మనిషిని తీసుకెళ్ళి ఆ గోడ పక్కనే పడుకోబెట్టేవాణ్ణి. రాత్రి దగ్గితే, అరిజోనా దుమ్మనేవాణ్ణి.

"చెప్పు వెండెల్. నన్ను అందులోనే పడుకోబెట్టేవాడివి కదూ?"

"అవును" అన్నాను.

ఆవిడ తల ఊపి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.